బుధవారం కవర్లు

కోర్టులో పనిచేశానంటే మా మనవలు నేనేదో నల్లకోటు వేసుకుని వాదించానని అనుకుంటారు. నేను కూర్చున్నది కోర్టు వెనకవైపు, సైకిళ్ళు నిలబెట్టే రేకుల షెడ్డుకి ఎదురుగా ఉన్న ఒక కిటికీ దగ్గర. ఇనప చువ్వల కింద చెయ్యి పట్టేంత సందు ఉండేది. ఆ సందులోంచి జనం డబ్బులు లోపలికి తోసేవారు, నేను రసీదు బయటికి తోసేవాణ్ణి. ఇంగ్లీషు బళ్ళో చదువుకున్నవాణ్ణి, చేతిరాత బాగుంటుందని పేరున్నవాణ్ణి, నాకీ పనేమిటని రోజూ మూతి ముడుచుకుని కుర్చీలో కూర్చునేవాణ్ణి.

ఆ డబ్బు కట్టేవాళ్ళని మేము బాండు మనుషులు అనేవాళ్ళం. చిన్న నేరాలకి జైలుకి పంపకుండా, బుద్ధిగా ఉంటామని కాగితం రాయించుకుని వదిలిపెట్టినవాళ్ళు వాళ్ళు. జరిమానా, కోర్టు ఖర్చులు కలిపి వారం వారం వాయిదాల్లో కట్టాలి. ఎవరి వాయిదా వాళ్ళే స్వయంగా వచ్చి కట్టాలి, అదీ గురువారం ఉదయం తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య. అవి మలయాలో ఎమర్జెన్సీ రోజులు, అడవుల్లో దాక్కున్న కమ్యూనిస్టులతో బ్రిటిషు సర్కారు పోరాడుతున్న కాలం. సుంగై సుమున్ వైపు రబ్బరు ఎస్టేట్ల నుంచి పోలీసు కాపలాతో రేషను లారీ పట్నానికి వచ్చేది గురువారం నాడే, అందుకే ఆ రోజు పెట్టారు. రాకపోతే పుస్తకంలో ఆ పేరు పక్కన ఎర్ర సిరాతో సున్నా చుట్టేవాణ్ణి. అలాంటి సున్నాలు మూడైతే ఫైలు మేజిస్ట్రేటు బల్ల మీదికి వెళ్ళేది. ఆ మనిషి జైలుకి వెళ్ళాల్సిందే.

నా పుస్తకంలో ఎర్ర సున్నాలు ఎక్కువగా తెలుగు పేర్ల పక్కనే కనిపించేవి. మా పెద్ద కిరానీ, అంటే హెడ్ గుమస్తా, సిలోను తమిళుడు, చెడ్డవాడు కాదుగానీ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. పుస్తకం తిరగేసి, "ఏం తంబీ, మీవాళ్ళకి కట్టే అలవాటే లేదా?" అని నలుగురిలో నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ మంటని ఆయన మీద చూపించలేను కాబట్టి కిటికీ అవతల నిలబడ్డ మావాళ్ళ మీద చూపించేవాణ్ణి. శుక్రవారం వచ్చి నిలబడ్డవాళ్ళని ఎన్నిసార్లు కసిరి పంపేశానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక బుధవారం మధ్యాహ్నం, మూడు దాటాక, కిటికీ దగ్గరికి ఒక ఆవిడ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. తెల్లవారుజామునే రబ్బరు పాలు తీసి, పాలు తూకం వేయించి, అక్కడి నుంచి ఐదు మైళ్ళు నడిచి వచ్చింది. చంకలో పది నెలల ఆడపిల్ల. రవికె చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది. సందులోంచి మూడు డాలర్లు లోపలికి తోసింది.

"వాయిదా రేపు. రేపు రా," అన్నాను తల ఎత్తకుండా.

"రేపు లచ్చింవారం కదా బాబూ," అంది.

"అయితే?"

"లచ్చింవారం నాడు ఇంట్లోంచి డబ్బు బయటికెలా తీస్తాం? రెండు మాట్లు సుక్కురోరం తెచ్చినాను. కసిరీసినావు. అందుకే ఈమాటు ముందుగాల వచ్చినాను. నీకు తెల్దా ఏటి? నువ్వు మనోడివే గదా?"

అప్పుడు తల ఎత్తాను. మా ఇంట్లో పాలవాడికి అమ్మ గురువారం నాడు ఒక్క సెంటు ఇచ్చేది కాదు. వాడు అడిగేవాడూ కాదు, శుక్రవారం వచ్చి పట్టుకెళ్ళేవాడు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. మా తాతలు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు గురువారాన్ని లక్ష్మివారంగానే వెంట తెచ్చుకున్నారు. ఆ రోజు ఇంట్లోంచి డబ్బు పోతే లక్ష్మి పోయినట్టే. తమిళులు ఆ పట్టింపు శుక్రవారానికి పెట్టుకుంటారు గనక గురువారం హాయిగా కట్టేసేవారు. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. అది అమ్మ వంటింటి వ్యవహారమనీ, కోర్టు పుస్తకానికి దానితో పనేమిటనీ అనుకున్నానేమో. ఇంగ్లీషు చదువు నాకు తెచ్చిపెట్టిన తెలివి అంత!

ఆవిడ ఫైలు తీసి చూశాను. రెండు ఎర్ర సున్నాలు అప్పటికే ఉన్నాయి, రెండూ నా చేత్తో చుట్టినవే. ఆవిడ చేసిన నేరం ఎస్టేటు గేటు దాటి అన్నం తీసుకెళ్ళడం. అడవిలో ఉన్నవాళ్ళకి తిండి అందకూడదని ఆ రోజుల్లో కూలీలని గేటు దగ్గర తడిమి చూసి పనిలోకి పంపేవారు. వండిన అన్నం పిడికెడు కూడా బయటికి పోకూడదు. చంటిపిల్లకి పాలిస్తున్న మనిషి, పదిగంటలయ్యేసరికి కళ్ళు తిరుగుతున్నాయని ఆకులో ఒక ముద్ద చుట్టి నడుము దగ్గర దోపుకుంది. "ఏమైనా ఉందా?" అని తనిఖీ ఆడమనిషి అడిగింది. ఈవిడ "ఉంది" అని తీసి చూపించింది. లేదని చెప్పి ఉంటే ఆ రోజు దాటిపోయేదే. అరవై డాలర్ల జరిమానా, వారానికి మూడు డాలర్లు, ఇరవై వారాలు.

"రేపు కూడా తప్పితే ఏటవుద్ది బాబూ?" అని అడిగింది.

దాచి లాభం లేదు, చెప్పాను. రెండు నెలలు జైలు. జైలుకెళ్ళినవాళ్ళ పేరు ఎస్టేటులో కొట్టేస్తారు. పేరు కొట్టేస్తే ఎస్టేటు కూలీలకిచ్చే లైన్ ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఇవన్నీ ఆవిడకి నాకంటే బాగా తెలుసు. చంకలో పిల్లని ఇటు నుంచి అటు మార్చుకుని, "మరి తీసుకో," అంది, డబ్బులకేసి చూపిస్తూ.

తీసుకున్నాను. ఒక కవరులో పెట్టి, పైన బాండు నంబరు వేసి, సొరుగులో అడుగున పెట్టాను. చిన్న కాగితం మీద ఇంత ముట్టిందని రాసి సంతకం పెట్టి ఆవిడ చేతికిచ్చాను. మర్నాడు గురువారం ఆ కవరు విప్పి, డబ్బు లెక్కలో వేసి, అసలు రసీదు రాసి ఉంచాను. ఇది నిబంధనకి విరుద్ధం. నాకు తెలుసు. అందుకే ఆ చీటీ ఇస్తూ గట్టిగా చెప్పాను: "ఇది ఎవరికీ చూపించకు. ఎవరడిగినా బుధవారం నాకు డబ్బిచ్చానని చెప్పకు." ఆవిడ చీటీని మడిచి కొంగున ముడేసుకుంది.

అలాంటి మాట లైన్ ఇళ్ళల్లో ఎంతసేపు ఆగుతుంది? మూడో వారానికి బుధవారం నాడు ఆరుగురు రావడం మొదలుపెట్టారు, అందరూ మావాళ్ళే. అందరికీ అదే కవరు, అదే చీటీ, అదే హెచ్చరిక. ఎర్ర సున్నాలు ఆగిపోయాయి. పెద్ద కిరానీ పుస్తకం చూసి, "పరవాలేదే, మీవాళ్ళని దారిలో పెట్టావు," అని భుజం తట్టాడు. నేను పెద్ద ఘనకార్యం చేసినవాడిలా తిరిగాను. అమ్మకి చెప్తే సంతోషించింది. అంతలోనే మొహం అదోలా పెట్టి, "అవును గానీ నానా, బుధవారం పుచ్చుకుని లక్ష్మివారం నాడు సర్కారుకి కడతన్నావు కదా. ఆ పాపం నీ చేతికి అంటదేటి?" అంది. నా జీతం కూడా గురువారం నాడు ఇంట్లోంచి కదలనివ్వని మనిషి తను. ఆ పాపమేదో సర్కారు సొరుగుకే అంటుతుంది గానీ మనకి కాదులే అని నవ్వించి తప్పించుకున్నాను.

ఐదు నెలలు గడిచాయి. మెర్దేకా దగ్గర పడింది. ఆ శనివారమే ఇంగ్లీషువాళ్ళ నుంచి స్వాతంత్ర్యం, కోర్టు వరండాకి జెండాలు కట్టారు. మెర్దేకా వస్తే పాత జరిమానాలన్నీ కొట్టేస్తారని ఊళ్ళో పుకారు పుట్టింది. కొందరు కట్టడం మానేసి కూర్చున్నారు. ఆవిడ మాత్రం ఆ వారం బుధవారం తన ఇరవయ్యో వాయిదా పట్టుకుని వచ్చింది. పిల్ల అప్పటికి చువ్వలు పట్టుకుని నిలబడుతోంది.

"మెర్దేకా వొస్తే రానీ బాబూ," అంది. "నా సురత్తు నాకు కావాల." సురత్తంటే కాగితం, అక్కడి మలాయి మాట. బాండు తీరిపోయిందని ముద్ర వేసిచ్చే కాగితం గురించి ఆవిడ అడుగుతోంది. శుక్రవారానికి రాసి ఉంచుతానన్నాను.

మర్నాడు గురువారం ఉదయం, కిటికీ తెరవడానికి అరగంట ముందు, ఆడిట్ దొర దిగాడు. దేశం అప్పగించే ముందు ప్రతి ఆఫీసు లెక్కలూ చూసుకుపోతున్నారట. నా సొరుగు లాగి పుస్తకంతో సరిచూశాడు. ఆరు కవర్లు, పంతొమ్మిది డాలర్లు ఎక్కువ. సొరుగులో డబ్బు తక్కువైతే తిన్నావంటారు. ఎక్కువైతే ఎవరి దగ్గర తిన్నావంటారు. ఆయన రెండోది అడిగాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఉచితంగా లారీ వచ్చే రోజు వదిలేసి, ఒకరోజు ముందు ఐదు మైళ్ళు నడిచి వచ్చి జరిమానా కట్టేవాడు లోకంలో ఉంటాడా?" అన్నాడు. లక్ష్మివారం గురించి ఇంగ్లీషులో చెప్పబోయాను. ఆ భాషలో అది నా చెవికే కట్టుకథలా వినిపించింది. బాండు మనుషుల్ని బెదిరించి వసూలు చేసిన లంచమని ఆయన నిశ్చయించుకున్నాడు. కవర్లకి లక్క ముద్ర వేసి మేజిస్ట్రేటు దగ్గర పెట్టాడు. ఆ డబ్బు వాయిదాల కిందే ఇచ్చామని ఇచ్చినవాళ్ళు ఒప్పుకుంటే జమ చెయ్యచ్చు, లేకపోతే లేదు. కిటికీ దగ్గర పెద్ద కిరానీ కూర్చున్నాడు. పన్నెండు కొట్టాక ఆయన చేత్తో ఆరు ఎర్ర సున్నాలు పడ్డాయి. మిగతా ఐదుగురికీ అది పెద్ద ప్రమాదం కాదు. ఆవిడకి మాత్రం మూడోది.

శుక్రవారం పొద్దున ఆరుగురినీ లారీలో తెప్పించారు. మేజిస్ట్రేటు ఇంగ్లీషువాడే, పై వారం ఓడెక్కుతున్నాడు, గది నిండా కట్టిన పెట్టెలే. మా ఎస్టేటు తెలుగువాళ్ళందరికీ తమిళం వచ్చు గనక పెద్ద కిరానీ తమిళంలో అడిగి ఇంగ్లీషులో చెప్తున్నాడు. నన్ను గోడవారగా నిలబెట్టారు. నోరు విప్పకూడదన్నారు. ప్రశ్న ఒకటే: బుధవారం నాడు ఈ గుమస్తాకి డబ్బు ఇచ్చావా?

మొదటి మనిషి నాకేసి కూడా చూడలేదు. "ఇల్లై అయ్యా," అన్నాడు. లేదని. రెండోవాడూ "ఇల్లై." ఐదుగురూ వరసగా అదే మాట, ఒకే గొంతుతో.

నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆ ఎమర్జెన్సీ ఏళ్ళన్నిటా ఎస్టేటులో బతికినవాళ్ళని దొరలెవరైనా ఏమైనా అడిగారంటే అది ఈ ఒక్క ప్రశ్నే. ఎవరికైనా అన్నం ఇచ్చావా, మందులు ఇచ్చావా, చందా ఇచ్చావా. ఇచ్చానన్నవాడు ఇంటికి తిరిగి రాలేదు. ఎవరికీ ఏమీ ఇవ్వలేదనడం వాళ్ళకి దణ్ణం పెట్టినంత అలవాటైపోయింది. దానికి తోడు, చెప్పద్దని నేనే వాళ్ళ చేత ఒట్టేయించినంత పని చేశాను. ఆడిట్ దొర నాకేసి చూసి పెన్సిలు కింద పెట్టేశాడు.

ఆవిడని ఆఖర్న పిలిచారు. పిల్లని చంకలో పెట్టుకునే వచ్చి నిలబడింది. పెద్ద కిరానీ ఈసారి కాస్త వివరంగా చెప్పాడు. ఇచ్చానంటే ఆ డబ్బు జమ అవుతుంది, బాండు తీరిపోతుంది. ఇవ్వలేదంటే మూడు వాయిదాలు తప్పినట్టు, జైలు. ఆలోచించుకుని చెప్పమన్నాడు.

ఆవిడ ఆలోచించుకుంది. ఆ కాసేపూ నేను నా ఉద్యోగం గురించే అనుకుంటున్నానని చెప్తే అబద్ధమవుతుంది, ఆవిడ గురించే అనుకుంటున్నానని చెప్పినా అబద్ధమే. గేటు దగ్గర నిజం చెప్పి అరవై డాలర్లు పోగొట్టుకున్న మనిషి ఇప్పుడు ఏం చెప్తుంది? కొంగు ముడి మీద చెయ్యి పెట్టుకుంది. చీటీ అందులోనే ఉందని నాకు తెలుసు. తియ్యలేదు.

"ఇల్లై అయ్యా," అంది.

మేజిస్ట్రేటు నిట్టూర్చి కలం తీశాడు. అప్పుడు ఆవిడ నాకేసి తిరిగి, తమిళం వదిలేసి, మన మాటలో అడిగింది: "నిజం సెప్తే నీ ఉద్దోగం పోద్ది గదా బాబూ?"

"ఏమంటోంది?" అన్నాడు మేజిస్ట్రేటు. పెద్ద కిరానీ తెల్లమొహం వేశాడు. ఆయనకి తెలుగు ఒక్క ముక్క రాదు. ఆ గదిలో ఆ మాట అర్థమైనవాళ్ళు మా ఆరుగురు బాండు మనుషులూ, నేనూ. చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మేజిస్ట్రేటు నన్నే చెప్పమన్నాడు. పిల్లకి మంచినీళ్ళు అడుగుతోందని చెప్పినా ఎవరూ కాదనలేరు. ఇప్పుడు వీరుడిలా రాసుకోవచ్చు గానీ, ఆ మంచినీళ్ళ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

ఆవిడ అన్నది అన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. నిజం చెప్తే నా ఉద్యోగం పోతుందేమోనని అడుగుతోంది.

మేజిస్ట్రేటు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మరి నీ జవాబేమిటి? ఆమెకే చెప్పు," అన్నాడు.

నేను ఎస్టేటువాళ్ళతో ఎప్పుడూ పుస్తకాల తెలుగే మాట్లాడేవాణ్ణి, పెద్దరికం కోసం. ఆ రోజు మా అమ్మ మాట వచ్చింది నోట్లోంచి. "పోతే పోనీ అమ్మా. నువ్వు జైలుకెల్తే నాకు ముద్ద దిగుద్దేటి? సెప్పీ."

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. తర్వాత కొంగు ముడి విప్పింది. బుధవారం నాటి చీటీ ఒక్కటే కాదు, ఐదు నెలల నాటివీ అన్నీ అందులోనే ఉన్నాయి, చెమటకి తడిసి ఆరి, అప్పడాల్లా అయిపోయి. పిల్లని కిందికి దింపి, వాటిని ఒక్కొక్కటే విడదీసి బల్ల మీద పరిచింది. ఇరవై. మేజిస్ట్రేటు వాటినీ నా రసీదు పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని, తేదీ తేదీ వేలు పెట్టి చూశాడు. ఆఖరిది తప్ప ప్రతి చీటీకీ మర్నాటి రసీదు ఉంది. మూడో సున్నా మీద తనే గీత కొట్టి సంతకం చేశాడు. అది చూసి మిగతా ఐదుగురూ ముళ్ళు విప్పడం మొదలుపెట్టారు. ఆడిట్ దొర కవర్లకి తనే వేసిన లక్క గోళ్ళతో గీకుతూ కూర్చున్నాడు.

బాండు తీరిన కాగితం నన్నే రాయమన్నారు. నా ముత్యాల అక్షరాలు ఆ ఒక్క కాగితం మీదే వంకర పోయాయి. ఆవిడ దాన్ని రెండు చేతులతో పుచ్చుకుని కళ్ళకి అద్దుకుంది. "ఇంక రానక్కర్లేదా బాబూ?" అంది. ఎప్పటికీ అక్కర్లేదన్నాను. లారీ బయల్దేరుతోందని కూలీల మేస్త్రీ కంగాణీ కేకేశాడు.

తర్వాత నా సంగతి మొదలైంది. తలుపు వేసి, నిబంధనల పుస్తకం తెరిచి, పెద్ద కిరానీ చేత నా మీద ఒకటొకటీ రాయించారు. ఆయన రాస్తూ మధ్యమధ్య నాకోసం ఒక మంచి మాట వేసేవాడు, పాపం. మూడు గంటలు పట్టింది. ఉద్యోగం పోలేదు. డబ్బు ముట్టుకునే పని తీసేశారు, రెండేళ్ళు జీతం పెరగదన్నారు, పాత ఫైళ్ళ గదికి మార్చారు. సంతకం పెట్టి బయటికి వచ్చేసరికి వరండాలో జెండాలు కట్టేవాళ్ళు కూడా వెళ్ళిపోయారు.

ఆ వరండా బల్ల మీద ఆవిడ కూర్చుని ఉంది. పిల్ల ఒళ్ళో నిద్రపోయింది. లారీ ఎప్పుడో వెళ్ళిపోయింది.

"ఏటన్నారు బాబూ?" అంది లేచి నిలబడి.

చెప్పాను. ఉద్యోగం ఉందన్నాను, జీతం మాట కూడా చెప్పాను. ఐదు నెలల్లో ఒక్కసారి కూడా ఆవిడ కంట నీరు చూడలేదు నేను, మేజిస్ట్రేటు ముందు జైలు మాట విన్నప్పుడు కూడా. అప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఆగలేదు. ఆ కోర్టులోంచి ఎప్పుడు బయటపడతానా అని ఇరవై వారాలు నడిచిన మనిషి, బయటపడిన రోజు మాత్రం నాకోసం సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది.